ఉప్పు పద్దు కింద ఒక అమ్మాయి

"పిల్ల తినలేదు. నా మనసు చెబుతోంది, అది పొద్దున్నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టలేదు."

సామ్రాజ్యం ఈ మాట అన్నప్పుడు పదకొండు కావడానికి ఇంకా పది నిమిషాలున్నాయి. అప్పటికి ఎక్కడా ఏమీ జరగలేదు. గుడివాడలో ఎండ మామూలుగానే కాస్తోంది, పంపులో నీళ్ళు వస్తున్నాయి, ఆవిడ కాళ్ళ కింద మిషను ఎవరిదో చీరకి పికో కుడుతోంది. భర్త రాఘవులు పేపరు వెనకాల ఉన్నాడు. మార్కెట్ యార్డులో కాటా గుమాస్తా ఆయన. ముప్పై ఏళ్ళుగా పరాయి బస్తాల బరువులు చదివీ చదివీ అలిసిపోయి, సొంతానికి రోజుకి పదో పన్నెండో మాటలు మాత్రం వాడేవాడు.

"ఊ," అన్నాడు. అది మొదటిది.

"ఊ ఏంటండీ? ఫోనెత్తట్లేదు. లిఫ్టులో ఇరుక్కుందేమో."

"హాస్టలుకి లిఫ్టు లేదుగా."

"చూశారా! లేదు గనక మెట్లెక్కుతుంది. మెట్ల మీంచి పడుంటుంది."

లారీ, గ్యాసు బండ, కుక్క, కరెంటు, కలుషిత నీరు, ఈ అయిదింటిలో ఏదో ఒకటి రోజూ తన కూతురి కోసం విజయవాడంతా వెతుక్కుంటూ తిరుగుతోందని సామ్రాజ్యం నమ్మకం. పేపర్లో జిల్లా పేజీ ఆ నమ్మకాన్ని ఏనాడూ వమ్ము చెయ్యలేదు.

కూతురు ప్రణవికి ఇరవై నాలుగేళ్ళు. విజయవాడలో ఆడపిల్లల హాస్టల్లో ఉంటూ ఒక సబ్బుల కంపెనీలో పనిచేస్తోంది. కొట్టు కొట్టుకీ వెళ్ళి తమ సబ్బులు కంటి ఎత్తులో ఉన్నాయా, కాళ్ళ దగ్గర పడేశారా, ముఖం ముందుకు పెట్టారా, పక్క కంపెనీ సబ్బుల మీదికి వాలాయా చూసి రాసుకు రావడం ఉద్యోగం. నెలజీతం, పీఎఫ్, కంపెనీ పేరున్న టోపీ. సబ్బు ఎటు చూస్తోందో చూడ్డానికి డిగ్రీ ఎందుకో ఏడో తరగతితో ఆపేసిన సామ్రాజ్యానికి అర్థం కాలేదు. అయినా పెద్ద చదువుల్లో ఏదో ఉండే ఉంటుందని గౌరవించింది.

పిల్ల హాస్టల్లో చేరిన రోజునే తల్లి ఒక పద్ధతి పెట్టింది. బస్సెక్కితే ఒక మిస్డ్ కాల్. దిగితే రెండు. అన్నం తింటే మూడు. మూడేళ్ళు ఆ పద్ధతి గడియారంలా నడిచింది. నెలరోజుల క్రితం మూడూ ఆగిపోయాయి. ఫోను చేస్తే "తిన్నానమ్మా, పని మీదున్నా" అనే ఒకే మాట, ఒకే గొంతు. పోయినసారి వచ్చినప్పుడు పచ్చ చున్నీకి అంచు కుట్టించుకుంది. సగంలో పచ్చదారం అయిపోతే మిగతా సగం వంకాయరంగు దారంతో కానిచ్చి, "ఎవరు చూస్తార్లే" అంది తల్లి. "నువ్వు చూస్తావుగా," అని నవ్వింది పిల్ల. ఆ పిల్ల నవ్వడం సామ్రాజ్యం వినడం అదే ఆఖరు.

*

ఆ వారమే గుడివాడకి 'చూసిరా' వచ్చింది. విజయవాడకి అప్పటికే వచ్చి నెలయింది.

చూసిరా అంటే ఫోనులో పెట్టుకునే యాప్. ఫలానా కొట్టుకి వెళ్ళు, ఫలానా టూత్‌పేస్టు ఉందో లేదో చూడు, ఫొటో తియ్యి, పన్నెండు రూపాయలు తీసుకో. అంతే. కొనక్కర్లేదు. నిజానికి కొంటే ఒప్పుకోరు.

సామ్రాజ్యం స్నానం సబ్బు కోసం బ్రహ్మయ్య కొట్టుకి వెళ్ళేసరికి కొట్టు ముందు ముప్పై నలుగురున్నారు. అందరి చేతుల్లోనూ ఫోనులు. పక్కింటి ఝాన్సీ కాళ్ళెత్తి నిలబడి సబ్బుల వరసని ఫొటో తీస్తోంది.

"ఏంటే ఝాన్సీ, సబ్బుకి పెళ్ళిచూపులా?"

"చూస్తే డబ్బులిస్తున్నారొదినా! ఇన్నేళ్ళూ ఊరికే చూశాం. తల్చుకుంటే కడుపు తరుక్కుపోతోంది."

"సరే, తప్పుకో. బ్రహ్మయ్యా, ఒక సబ్బివ్వు."

బ్రహ్మయ్య చేతులు చాపి అలమరకి అడ్డం నిలబడ్డాడు. "దణ్ణం పెడతానమ్మా, దాన్ని కదపొద్దు. తీస్తే ఖాళీ కనపడుద్ది. ఖాళీ కనపడితే ఈ ముప్పై నలుగురూ ఫొటో తీసి పైకి పంపుతారు. రేపీపాటికి నాకు నోటీసొస్తుంది."

"మరి సబ్బు కావాలంటే?"

"బెజవాడ వెళ్ళి కొనుక్కోండి. అక్కడ ఒకటి రెండు కొట్లలో ఇంకా అమ్ముతున్నారంట."

సామ్రాజ్యం సబ్బు లేకుండా వెనుదిరిగింది గానీ మొహం వెలిగిపోయింది. "ఒసే ఝాన్సీ, ఇది మా ప్రణవి ఉద్యోగమే! అచ్చం ఇదే! దానికి నెలజీతమిచ్చి చేయిస్తున్నారు. మీరు పన్నెండు రూపాయలకి చేస్తున్నారు పిచ్చిమొహాల్లారా."

"అయితే మీ అమ్మాయి ఉద్యోగం ఇప్పుడు ఊరంతా చేస్తోందన్నమాట," అంది ఝాన్సీ.

కూతురి పని ఇంత పెద్దదని సామ్రాజ్యానికి అంతవరకూ తెలియదు. ఆ రోజంతా గర్వపడింది. సాయంత్రానికి గర్వం తగ్గి ఒక ఆలోచన మిగిలింది. సబ్బుని చూసి వచ్చేవాళ్ళు పిల్లని చూసి రాలేరా? ఝాన్సీ చేత తన ఫోనులో కూడా చూసిరా పెట్టించుకుని, మర్నాడే బస్టాండు ఎదురుగా ఉన్న మేడ మెట్లెక్కింది.

*

మేడమీద బోర్డు మీద 'ప్రాంతీయ ధ్రువీకరణ కేంద్రం' అనీ, దాని కింద 'సత్యమే మా సరుకు' అనీ ఉంది. లోపల టై కట్టుకున్న ఫణిభూషణ్ ఉన్నాడు. ప్రాంతీయ ధ్రువీకరణాధిపతి ఆయన.

"బాబూ, మీరు ఏదైనా చూసి వస్తారా?"

"భౌగోళికంగా గుర్తించదగిన స్థిర చర వస్తువు ఏదైనా సరే మేడమ్. నిర్ణీత పరిధిలో, నిర్ణీత వ్యవధిలో, ఛాయాచిత్ర సహితంగా."

"మా అమ్మాయిని చూసి రావాలి. తిన్నదో లేదో."

ఇలాంటి మాట వింటే ఎవరైనా నవ్వుతారు. ఫణిభూషణ్ నవ్వలేదు. ఆ నెలలో కొత్త బ్రాండ్లు పది చేర్పించాలని ఆయనకి పైనుంచి ఆజ్ఞ. తొమ్మిది చేరాయి. రేపటితో నెలాఖరు. ఆయన గంభీరంగా ఫారం తీశాడు.

"బ్రాండ్ పేరు?"

"నా పేరా? సామ్రాజ్యం."

"బ్రహ్మాండం. ఉత్పత్తి పేరు ప్రణవి అనుకుందాం. ఉత్పత్తిదారు మీరేనా?"

"నేనూ, మా ఆయనానూ."

"భాగస్వామ్య సంస్థ," అని రాసుకున్నాడు. "మొత్తం ఎన్ని యూనిట్లు?"

"ఒక్కతే కూతురు బాబూ."

"పరిమిత ఉత్పత్తి. నికర బరువు?"

"సరిగ్గా తింటేగా! పోయిన దసరాకి నలభై ఎనిమిది కేజీలు."

తయారైన తేదీ అడిగితే శ్రావణ శుక్రవారం తెల్లవారుజామున అని చెప్పింది. ఆయన తిథిని తేదీగా మార్చుకున్నాడు. పని అంతవరకూ సాఫీగానే సాగింది.

"గడువు ముగిసే తేదీ?"

సామ్రాజ్యం లేచి నిలబడింది. "బాబూ! అదేం మాట? నువ్వు నా కడుపున పుట్టిన పిల్లలాంటివాడివి. ఆ గడి ముట్టుకోకు."

"గడి ఖాళీగా ఉంటే కంప్యూటరు అంగీకరించదు మేడమ్."

"అయితే నూరేళ్ళని రాయి."

"సబ్బులకి మూడేళ్ళు మించి ఇవ్వదు. బిస్కెట్లకి ఆరు నెలలే."

"ఆరు నెలలా! నీ కంప్యూటరు నోట్లో మన్నుపడ!"

ఫణిభూషణ్ సంస్థ నియమావళి తీసి చాలాసేపు తిరగేశాడు. చివరికి ఆయన కళ్ళు మెరిశాయి. "మేడమ్, గడువు తేదీ అక్కర్లేని సరుకు మా జాబితాలో ఒకే ఒక్కటుంది. ఉప్పు. మీ అమ్మాయిని ఉప్పు పద్దు కింద నమోదు చేస్తాను."

గడువు లేదన్న ఒక్క మాటతో తల్లి మనసు కుదుటపడింది. ఆదర్శ ప్రదర్శన ఎలా ఉండాలి అని అడిగితే, "కంచం ముందు కూర్చోవాలి. కంచంలో వేడి వేడి అన్నం ఉండాలి. పదకొండింటికల్లా," అని చెప్పింది. చూసి వచ్చినవాళ్ళకి రోజుకి పాతిక రూపాయలు. పికో కుట్టిన డబ్బుల్లోంచి తీసి కట్టి, రసీదు కొంగున ముడేసుకుని ఇంటికొచ్చింది.

*

మర్నాడే మొదటి రిపోర్టు వచ్చింది. సామ్రాజ్యం కళ్ళజోడు పెట్టుకుని పైకి చదివింది.

"ఉప్పు, ప్రణవి రకం. నిర్ణీత స్థలంలో ఉంది. ముఖం ముందుకు ఉంది. తేమ లేదు. గడ్డకట్టలేదు. మూత సరిగా ఉంది."

ఆ అక్షరాల్లో ఆవిడకి కూతురు కనిపించింది. "తేమ లేదంటే ఏడవట్లేదండీ. గడ్డకట్టలేదంటే చలిజ్వరం లేదు. మూతంటే ఏంటంటారు?"

రాఘవులు పేపరు దించి ఆలోచించాడు. "టోపీ అయుంటుంది," అన్నాడు.

నాలుగోనాడు ప్రణవి తనంతట తాను ఫోను చేసింది.

"అమ్మా, హాస్టలు గేటు దగ్గర ఎవడో నిలబడి, 'మేడమ్, కొంచెం ముందుకు తిరగండి, లేబుల్ పడట్లేదు' అంటున్నాడు. వార్డెన్ చీపురు తీసుకుని తరిమింది. వాడి ఫోనులో నీ పేరుంది. నువ్వేనా?"

"నేనెందుకు చేయిస్తానే? సామ్రాజ్యమంటే లోకంలో నేనొక్కదాన్నేనా? అది సరే, తిన్నావా?"

అవతల ఫోను పెట్టేసిన చప్పుడయింది. మళ్ళీ మోగలేదు. ఈవిడ చేసినా ఎత్తలేదు. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు.

వార్డెన్ చీపురు విషయం పైదాకా వెళ్ళింది. 'ఉప్పు పద్దులో నమోదైన స్త్రీ ఉత్పత్తులను ఇకపై స్త్రీ పరిశీలకులు మాత్రమే తనిఖీ చేయవలెను' అని చూసిరా వారు సర్క్యులర్ జారీ చేశారు. ఆ మర్నాటి నుంచీ పరిశీలకురాలు 7714 అనే ఆవిడ రోజూ ఠంచనుగా పదకొండింటికి రిపోర్టు పంపేది. ఫొటోలో ఉప్పు మాత్రం కనపడేది కాదు. దాని ముందు పెట్టిన కంచం కనపడేది. కంచం నిండా అన్నం, పప్పు, ఒకరోజు గుడ్డు, ఒకరోజు దొండకాయ వేపుడు. కింద 'పరిస్థితి సంతృప్తికరం' అనే మాట.

కూతురు మాట్లాడ్డం మానేసింది. కంచం మాత్రం రోజూ వచ్చేది. సామ్రాజ్యానికి ఆ ఏర్పాటు కొన్నాళ్ళు బాగానే ఉంది. "పోనీలెండి. మాట్లాడితే తిన్నానని అబద్ధమైనా చెప్పొచ్చు. ఫొటో అబద్ధం చెప్పదుగా," అంది భర్తతో.

"ఊ," అన్నాడాయన.

*

సంగతి ఝాన్సీకి తెలిసింది. అంటే గుడివాడకి తెలిసింది. పదిహేను రోజుల్లో ధ్రువీకరణ కేంద్రం మెట్ల మీద తల్లుల వరస రోడ్డు దాకా వచ్చింది. చూసిరా వారు సబ్బులని పక్కన పెట్టి 'మాతృ విభాగం' తెరిచారు. ఉప్పు పద్దులో ఖాళీలు అయిపోయాయి. తరవాత వచ్చినవాళ్ళ పిల్లలని దొరికిన పద్దులో వేశారు. టీపొడి పద్దులో పడిన ఇంజనీరింగు కుర్రాడికి నూట మూడు జ్వరం వస్తే, 'వేడిగా ఉంది, రంగు బాగుంది' అని రిపోర్టొచ్చింది. వాళ్ళమ్మ వీధంతా స్వీట్లు పంచింది. ఇంకో తల్లి తన కొడుకుతో ఆగక, తోడికోడలి కొడుకుని కూడా 'పోటీ బ్రాండు' కింద చూసి రమ్మని డబ్బు కట్టింది.

పదకొండింటికి పిల్లలు స్నానాల గదిలో ఉంటే 'సరుకు లేదు' అని తల్లులకి కబురొచ్చేది. తల్లులు శోకాలు పెట్టేవారు. అందుచేత విజయవాడ హాస్టళ్ళు పది యాభై అయిదు నుంచి పదకొండుంపావు దాకా ఎవరూ కదలకూడదని రూలు పెట్టాయి. నేల మీద పాదాల గుర్తులు వేయించాయి. కొన్ని కాలేజీలు క్లాసులే మార్చుకున్నాయి. పిల్లలు కంచాల ముందు ముఖం ముందుకు పెట్టి కూర్చునేవారు. కలిపితే ఫొటో చెడుతుందని పరిశీలకులు వెళ్ళేదాకా ఎవరూ అన్నం కలిపేవారు కాదు.

ఇంత గొప్ప ఉద్యమానికి ఆద్యురాలు గనక సామ్రాజ్యానికి సన్మానం చెయ్యాలని ప్రధాన కార్యాలయం వారు తీర్మానించారు.

ఒక ఆదివారం మున్సిపల్ కళ్యాణమండపంలో సభ పెట్టారు. సామ్రాజ్యానికి శాలువా కప్పారు. ప్రధాన కార్యాలయం నుంచి వచ్చిన పెద్దాయన మైకు ముందు నిలబడ్డాడు.

"మాతృమూర్తులారా! పూర్వం ఒక సబ్బు ఎటు చూస్తోందో తెలుసుకోవడానికి నెలజీతాలిచ్చి మనుషుల్ని పోషించే అంధకారయుగంలో మనం జీవించాం. రెండు నెలల క్రితం ఒక్క విజయవాడలోనే అటువంటి నూట నలభై మందిని వినియోగదారుల మహాసముద్రంలో విలీనం చేశాం. వాళ్ళిప్పుడు ఏ బంధనాలూ లేకుండా, పీఎఫ్ కూడా లేకుండా, స్వేచ్ఛగా పన్నెండు రూపాయల చొప్పున సంపాదించుకుంటున్నారు!"

సభ చప్పట్లు కొట్టింది. సామ్రాజ్యం కూడా కొట్టింది. రెండు కొట్టాక మూడోదానికి చేతులు గాల్లోనే ఉండిపోయాయి. రెండు నెలలు. మిస్డ్ కాల్స్ ఆగిపోయింది ఎప్పుడు?

"ఇప్పుడు మన ఆదర్శ ఉత్పత్తిని దర్శిద్దాం," అన్నాడు ఫణిభూషణ్. దీపాలు ఆర్పి, తెర మీద కంచాలు వేశాడు. గోడంత కంచాలు. గుడ్డున్న కంచం, దొండకాయ ఉన్న కంచం, పప్పున్న కంచం. అన్నీ పరిశీలకురాలు 7714 తీసినవే. ఫోనులో అరచేతి మేర ఉన్నప్పుడు కనపడనిది ఒకటి తెర మీద కనపడింది. ప్రతి ఫొటోలోనూ కింద ఎడమ మూల, ఫొటో తీసినావిడ చున్నీ అంచు కంచం దాకా వేలాడుతోంది. పచ్చ చున్నీ. అంచు సగం దాకా పచ్చదారం. తరవాత వంకాయరంగు.

సామ్రాజ్యం శాలువా కిందపడింది.

"బాబూ, ఆపు. అది నా కుట్టు."

"ఏమిటి మేడమ్?"

"ఆ అంచు నేను కుట్టాను. ఆ ఫొటో తీసింది మా పిల్లే. నా పిల్లని నా పిల్లే చూసి రిపోర్టు పంపుతోంది!"

పెద్దాయనా, ఫణిభూషణూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తరవాత పెద్దాయన కళ్ళు ఆనందంతో చెమర్చాయి.

"తనను తాను ధ్రువీకరించుకునే ఉత్పత్తి! ఫణిభూషణ్, ఇది రాసుకోండి. ఇది మన రంగంలో ఎవరూ ఊహించని మెట్టు. రేపు సబ్బు తన ఫొటో తానే తీసుకునే రోజు..."

"నీ సబ్బు తగలడ! ఆ కంచం ఎవరిది? ఫొటో తీసేది ఇదయితే తినేదెవరు? పదకొండింటికి డ్యూటీలో ఉండాల్సిన పిల్ల రోజూ హాస్టల్లో ఏం చేస్తోంది?"

"మేడమ్, ఆదర్శ చిత్రంతో పోల్చి చూశాం. కంచం ఉంది, అన్నం ఉంది. నూటికి నూరు పాళ్ళు సరిపోయింది. భుజించుట అనేది మా పరిశీలనాంశాల్లో లేదు."

"ఆ 7714 చిరునామా ఇవ్వు. ఇప్పుడే వెళ్తాను."

ఫణిభూషణ్ నొచ్చుకున్నాడు. "క్షమించాలి. ఉత్పత్తి చిరునామా కావాలంటే ఎన్నిసార్లయినా ఇస్తాం. పరిశీలకురాలి చిరునామా గోప్యం."

*

ఆ రాత్రి సామ్రాజ్యం అన్నం ముట్టలేదు. లారీకి భయపడింది, కుక్కకి భయపడింది, లేని లిఫ్టుకి కూడా భయపడింది. ఉద్యోగం పోయి, ఆ మాట చెప్పలేక, తల్లి పంపే పాతిక రూపాయల కోసం పరాయివాళ్ళ కంచానికి ఫొటో తీసుకునే రోజు వస్తుందని మాత్రం ఏనాడూ భయపడలేదు. ఇన్ని భయాల్లో అసలుదాన్నే వదిలేసింది.

తెల్లవారి క్యారేజీ సర్దుతుంటే రాఘవులు గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఆ రోజు మాటలన్నీ ఒక్కసారే ఖర్చుపెట్టాడు.

"దాన్నేమీ అడక్కు సామ్రాజ్యం. ఇప్పటికి అడిగింది చాలు. వెళ్ళి పక్కన కూర్చో."

పదకొండుకి పది నిమిషాలుండగా సామ్రాజ్యం విజయవాడ సత్యనారాయణపురంలో హాస్టలు గేటు దగ్గర దిగింది. వార్డెన్ అడ్డం వచ్చింది.

"ఏ కంపెనీ?"

"ప్రణవి వాళ్ళమ్మనండీ."

"అమ్మలు సాయంత్రం నాలుగు తరవాత. ఇది పరిశీలకుల టైము."

"కన్నతల్లినమ్మా. ఒక్కసారి చూసి..."

"చెప్పాగా. అమ్మలు నాలుగు తరవాత."

సామ్రాజ్యం సంచీలోంచి ఫోను తీసింది. చూసిరా అప్పటికే వెలుగుతోంది. 'మీకు ఇరవై మీటర్ల దూరంలో ఒక పని ఉంది. ఉప్పు, ప్రణవి రకం. పాతిక రూపాయలు.' ఒప్పుకున్నానని నొక్కి చూపించింది. వార్డెన్ వెంటనే గేటు తీసి, చెప్పులు విప్పే చోటు కూడా మర్యాదగా చూపించింది.

గది తలుపు ఓరగా ఉంది. లోపల నేలమీద రూమ్మేటు కంచం ముందు కూర్చునుంది. ప్రణవి వంగి ఫోను దాని మీదికి పట్టుకుంది. పచ్చ చున్నీ అంచు వేలాడుతోంది.

"ఒక్క నిమిషం కలపకే," అంటోంది ప్రణవి. అంతలోనే, "అయ్యో! ఎవరో తీసేసుకున్నారే! ఈ పనిని మరొక పరిశీలకురాలు స్వీకరించారు, అంట. నా పాతిక..."

తలెత్తింది. గుమ్మంలో తల్లి, తల్లి చేతిలో ఫోను.

రూమ్మేటు ఇద్దరినీ చూసి, కంచం తీసుకుని మెల్లగా లేచింది. "నాకు డ్యూటీ టైమవుతోంది ఆంటీ," అని సంజాయిషీలా గొణిగి వరండాలోకి వెళ్ళిపోయింది. గదిలో కంచం ఉన్న చోట తడి వలయం మిగిలింది.

పిల్ల మెడ దగ్గర ఎముకలు కనపడుతున్నాయి. చెప్పులు మడమ దగ్గర అరిగిపోయి గోడవారన ఉన్నాయి. మేకుకి కంపెనీ టోపీ వేలాడుతోంది. సామ్రాజ్యానికి గొంతు దాకా నలభై ప్రశ్నలొచ్చాయి. ఎప్పుడు పోయింది, ఎందుకు చెప్పలేదు, ఎంత దూరం నడుస్తున్నావు, ఎవరిదగ్గరైనా అప్పు చేశావా, నిద్రపోతున్నావా. అన్నిటికన్నా ముందు ఎప్పటి ప్రశ్నే వచ్చి నిలబడింది. దాన్ని మింగేసింది.

మంచం మీద కూర్చుంది. చేతిలో ఫోను ఒకదాని తరవాత ఒకటి అడుగుతోంది. ఉప్పు నిర్ణీత స్థలంలో ఉందా? గడ్డకట్టిందా? తేమ ఉందా? నియమం: ఉత్పత్తితో సంభాషించరాదు.

ఫోనుని బోర్లా పెట్టేసింది. సంచీలోంచి క్యారేజీ తీసి కిందపెట్టింది గానీ మూత తియ్యలేదు. దాని కిందనుంచి సూదీ, పచ్చదారం ఉండా తీసింది. కూతురి చున్నీ చెంగు ఒళ్ళోకి లాక్కుని వంకాయరంగు కుట్లు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది. చున్నీతో పాటు ప్రణవి కూడా వచ్చి మంచం అంచున కూర్చోవలసొచ్చింది.

వరండాలో రూమ్మేటు తినడం అయిపోయింది. పంపు కింద కంచం కడిగిన చప్పుడు. పదకొండుంపావు గంట కొట్టారు. పాదాల గుర్తుల దగ్గర కూర్చున్న పిల్లలంతా లేచి, మెట్ల మీద దడదడా దిగిపోయారు. హాస్టలంతా ఖాళీ అయింది. బోర్లా ఉన్న ఫోను రెండుసార్లు మూలిగి ఊరుకుంది. వంకాయరంగు దారం ముక్కలు ఆవిడ ఒళ్ళో పోగుపడ్డాయి. సూదిలోకి పచ్చదారం ఎక్కట్లేదు. ఒకసారి తప్పింది. రెండోసారి తప్పింది. ప్రణవి సూది అందుకుని, దారం ఎక్కించి, మళ్ళీ తల్లి చేతికిచ్చింది.

సామ్రాజ్యం ఏమీ అడగలేదు. అంచు కుడుతూనే ఉంది. ఒక జానెడు అయింది. రెండు జానలు అయింది. అంచు చివరికొచ్చి, ముడేసి, దారం పళ్ళతో కొరికింది.

"తినలేదమ్మా," అంది ప్రణవి.